రెండు బంగారు గాజుల నడుమ

పులివెందులలో మా పుట్టింటి మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, మద్రాసు డాక్టర్లు విరిగిన ఎముక తీసేసి ఉక్కు గుండు పెట్టారు. అది తిరిగే గిన్నె కూడా ఉక్కే. ఐదేళ్లు ఆ ఉక్కు మీదే నడిచాను. దానికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. దాని దయవల్లే ప్రొద్దుటూరులో మా వీధి చివరి గుడికి రోజూ వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చేదాన్ని.

ఆరో ఏడు తుంటి కిర్రుమనడం మొదలుపెట్టింది. తర్వాత గజ్జల్లో వాపు, తొడంతా సలుపు. పదకొండు ప్రదక్షిణలు మూడయ్యాయి, ఆపైన ఒక్కటీ కాలేదు. జమ్మలమడుగులో మాకు తెలిసిన డాక్టరు వాతమని తైలం రాసిచ్చాడు. మా వైపు డాక్టరెవరైనా ఉత్తరం రాయనిదే మద్రాసులో మళ్లీ చేర్చుకోరు. ఆయన్ను రాయమంటే నవ్వాడు.

"ఉక్కుకు ఏమైతాదమ్మా? నువ్వు పోయినా అది పోదు."

ఆ వారమే, మేమంతా ఆపా అని పిలిచే సాయిబులామె గాజుల మలారం మోసుకుని మా వీధికి అమ్మకానికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని చూసి కసిరింది.

"ఏందక్కా ఇది? బంగారానికి బంగారం ఆనిచ్చి ఏసుకుంటారా ఎవురన్నా? నడాన మట్టిగాజు యాడ పాయ?"

"పగిలిపాయ ఆపా."

"పగిలితే ఇంకోటి ఏసుకోవల్ల. చూడు, ఎట్ల సన్నబడినాయో! అరిగిందంతా యాడికి పోయిందనుకుంటాండావు? నీ చీరకు, నువ్వు కలిపిన అన్నానికి."

నా చెయ్యి దానంతటదే తుంటి మీదికి పోయింది. మా ఊళ్లో ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతి, నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. చీరకు అంటిన పొడిని దులుపుకోవచ్చు. ఒంటి లోపల రాలింది ఎక్కడికి పోతుంది?

మర్నాడే మా ఆయన్ను తోడు తీసుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. గాజులు తీసి డాక్టరు బల్ల మీద పెట్టి, నా తుంటిలో ఉక్కూ ఇట్లే ఒకదానికొకటి అరిగి లోపలే రాలుతోందని చెప్పాను.

"బంగారం మెత్తందమ్మా. ఉక్కు అరగదు" అన్నాడు.

"మరి మీ జీపుకు బేరింగులు ఎందుకు మారుస్తాండారు సార్? అవేమన్నా బంగారంతో చేసినారా?"

మా ఆయన నా కొంగు లాగి, "గమ్మునుండు" అన్నాడు.

"నేను బడికి పోలేదు సార్, నిజమే. కానీ ఉత్తరం రాసిచ్చేదాకా ఈడ్నే కూచుంటా. లేసేది కూడా శానా కష్టం నాకు."

దేవుడి నామం చెప్పుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. చివరికి రాశాడు. నన్ను నమ్మి కాదు, బయట రోగులు గొణుగుతున్నారని.

మద్రాసులో తెరిచి చూస్తే, గుండు చుట్టూ కండ నల్లబడి బూడిద రంగు గుజ్జు పేరుకుందట. ఇంకొన్నాళ్లయితే ఎముక కూడా మిగిలేది కాదన్నారు. ఉక్కంతా తీసేశారు, కొత్తది నిలిచే బలం ఎముకకు లేదని దాని చోట మరేదీ పెట్టలేదు. ఎడమకాలు పొట్టిదైంది, చేతికి కర్ర వచ్చింది, సలుపు పోయింది.

ఆ గుండును అడిగి తెచ్చుకున్నాను. జమ్మలమడుగు డాక్టరు బల్ల మీదే పెట్టాను. దాని మీద అరిగిన మచ్చను ఆయన వేలితో చాలాసేపు తడిమి, "కూచోమ్మా" అన్నాడు.

"నిలబడే ఉంటా సార్. ఉత్తరం రాసిచ్చినందుకు దండం పెట్టి పోదామని వచ్చినా."

ఇప్పుడు పదకొండు ప్రదక్షిణలకు పొద్దెక్కుతుంది. వెనకొచ్చే ఆడవాళ్లు, "ఒక పక్కన కూచోని మొక్కుకోగూడదా పెద్దమ్మా?" అంటారు.

"తొందరుంటే మీరే పక్క నుంచి పోండి" అంటాను.