కోడి చుట్టలూ, నీళ్ళు తాగిన బండా

ముందే చెప్పేస్తున్నాను, నాకు కొలతలు తెలియవు. పిల్లి కనబడితే పులి అని రాస్తాను, నాలుగు చినుకులు పడితే చెరువు తెగిందంటాను. మా ఇంట్లో వాళ్ళు నా మాటను నాలుగో వంతుకు తగ్గించి నమ్ముతారు; మీరూ అట్లాగే కానివ్వండి. పోయిన ఆదివారం మార్కాపురంలో స్నేహితుడి కూతురి పెళ్ళి విందుకు మా మేనత్తను వెంటబెట్టుకుని వెళ్ళాను. గుంటూరు నుంచి వచ్చిన వంటవాళ్ళు భోజనాలకు ముందు ఎర్రగా వేగిన చుట్టల్లాంటివేవో పళ్ళాలలో తిప్పుతున్నారు. "ఎగ్ రోల్సండీ, లోపల చికెను" అన్నాడు వడ్డించే ఆయన. ఎనభైకి దగ్గరపడిన అత్త ఒకటి అందుకుని, ఎడమ కంటి దగ్గరకు తెచ్చి చూసి, చెవి పక్కన పెట్టుకుని విరిచింది. కరకరమంది. "పొర మందమైనాది రా అల్లుడా" అని పక్కన పెట్టేసింది. ఆ కరకరకు ఆమెకేమీ కాలేదు. నాకు మాత్రం వీపున చెమట కారింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మా అత్త అప్పటికే మిషను బంగళాలో దొరసాని దగ్గర చాలా ఏళ్ళు వంట చేసి ఉంది. ఆ దొరసాని అంతకు ముందు చైనా దేశంలో నూట యాభై ఏళ్ళు ఉండి వచ్చిందని నా లెక్క. అక్కడ నేర్చిన వంటను అత్తకు నేర్పింది. గుడ్లూ మైదా కలిపిన జావను పెనం మీద ఉల్లిపొరంత పల్చగా పరవడం, ఉడికించి చీల్చిన కోడిమాంసాన్ని అల్లం, ఉల్లికాడలు, కళ్ళలో నీళ్ళు తిరిగేంత మిరపకారంతో వేయించి అందులో పెట్టి చుట్టడం, అంచులు మైదా ముద్దతో అంటించి నూనెలో వేయించడం. మేం వాటిని కోడి చుట్టలనేవాళ్ళం. తర్వాత దొరసాని ఓడెక్కి వెళ్ళిపోయింది, తన పెద్ద ఇనుప పెనంతో సహా. అత్త జొన్నకోతలకు కూలికి పోసాగింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, మార్కాపురం పలకల కార్ఖానాలో గుమాస్తాని. కార్ఖానా షావుకారు, కర్నూలు నుంచి వచ్చే కొత్త ఆఫీసరుకు టీ పార్టీ తలపెట్టాడు. ఆఫీసరు మాంసప్రియుడు. షావుకారు ఇంట్లో కోడిగుడ్డు పేరెత్తినా ఇల్లు కడుగుతారు. చివరికి షావుకారమ్మ ఒప్పుకుంది: "కార్ఖానా వెనక షెడ్డులో చేసుకోండి. మా ఇంటి గిన్నె ఒక్కటీ ముట్టొద్దు. గాలి ఇటు తిరిగిందా, పొయ్యి ఆర్పెయ్యాల." ట్రావెలర్స్ బంగళాలో వంటమనిషి పని ఖాళీగా ఉందనీ, అది ఇచ్చేది ఆ ఆఫీసరేననీ అత్తకు చెప్పింది నేనే. విన్నప్పటి నుంచి ఆమె నిద్ర మానేసింది. "ఈ ఒక్కపూట గట్టెక్కితే ఎండలో నడుం వంచే పని తప్పుతాది అల్లుడా" అనేది.

పెనం లేదు. మా ఇంటి పెనం అరచేతి వెడల్పు. గనిలో పనిచేసేవాళ్ళు విరిగిన పలకరాయి మీద రొట్టెలు కాల్చుకుంటారు. తర్లుపాడు నుంచి వచ్చే మేస్త్రి మామ నున్నటి బండ ఒకటి ఏరి ఇచ్చాడు. ఏనుగు పడుకునేంత బండ. గనిలో ఎందరి కాళ్ళు పడ్డాయో అని అత్త దాన్ని సీకాయతో తోమి, రాత్రంతా షెడ్డు దగ్గరి తొట్టిలో నానేసింది. కడగని దాని మీద తిండి చెయ్యరాదని దొరసాని మాట. అది చూసి మేస్త్రి మామ మొహం మారిపోయింది.

"ఏందమ్మా ఇది! రాయికి నీళ్ళు తాపించినావే! పొరల మధ్య దాచుకుంటాది అది. పొయ్యి మీద పెడితే కక్కుతాది."

నా వైపు తిరిగి, "అబ్బయ్యా, పార్టీకి మూడు దినాలుండాయి. రెండు దినాలు నిండా ఎండలో పెట్టు. మర్చిపోవాకు" అన్నాడు.

పెట్టాను. రెండు రోజులు. మా ఎండలు మీకు తెలియవు. కాకి ఎగిరితే దాని నీడ కూడా కాలి వాసన వచ్చేది.

పార్టీ రోజు మధ్యాహ్నం పొయ్యి రాజేశారు. మేస్త్రి మామ బండ మీద చెయ్యి పెట్టి, "రెండు దినాలు ఎండినాదా?" అని అడిగాడు. "రెండేంది మామా, మూడోది కూడా సగం" అన్నాను. ఆయన చెయ్యి తియ్యలేదు. కాసేపు నిలబడి, ఏదో వింటున్నట్టు తల వంచి, వెళ్ళి తలుపు దగ్గర కూర్చున్నాడు.

మొదటి పొర పరిచింది అత్త. చందమామలా లేచొచ్చింది. పది పొరలు, ఇరవై. ఇరవై ఒకటో దాని దగ్గర బండ లోపల 'టిక్' మంది. గడియారం లోపల ఎవరో గోటితో గీరినట్టు. అత్త ఆగింది. "నూనె చిటపట" అన్నాను నేను. మళ్ళీ టిక్. అప్పుడే గాలి షావుకారు ఇంటి వైపు తిరిగింది. పొయ్యి ఆర్పమని కబురొస్తుందేమోనని అత్త కంగారుగా కట్టెలు లోపలికి తోసి మంట పెంచింది. గోడ మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. నలభై వేల కాకులు. "లెయ్యమ్మా, పక్కకు లెయ్యి! రాయి మాట్లాడతా ఉండాది!" అని మేస్త్రి మామ అరిచాడు. "ఇంకొక్క పొర అన్నా" అంటూ అత్త ముందుకు వంగింది.

బండ పేలింది. ఆ చప్పుడు నల్లమల అవతల వినబడిందని ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చాను. షెడ్డు దాటి వినబడి ఉండదు. పెంకు ఒకటి అత్త కుడికంట్లో దిగింది.

ఆమె కొంగు తడిపి కంటికి కట్టుకుంది. "ఆ పొరలు తీయండి, మట్టి పడతాది" అంది. పొరలను ఒక్కొక్కటే విదిలించి, వెలుతురుకెత్తి చూసి, ఉన్నంతలో మాంసం పెట్టి చుట్టి, ఒంటికంటితో బాణలి ముందు కూర్చుని వేయించింది. ఆఫీసరు ఆరు తిన్నాడు. ఇక్కడ మాత్రం నేను పెంచడం లేదు, ఆరే. ఎవరు చేశారని అడిగి షెడ్డు దాకా వచ్చాడు. ఎర్రబడిన కొంగు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "రెండు కళ్ళూ బాగయ్యాక రమ్మనండి" అన్నాడు.

కుడికన్ను బాగవలేదు. మేస్త్రి మామ మా గడపలో తల పట్టుకుని కూర్చున్నాడు: "రెండు దినాల ఎండ చాలదని నాకు తోచలా. ముప్పై ఏళ్ళుగా రాయి కొడతా ఉండా, తోచలా." లోపలి నుంచి అత్త, "నీది కాదులే అన్నా, నాది. అంత నానబెట్టినా చూడు" అంది. నేను ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. మేస్త్రి మామ ఆ తప్పు మోసుకునే కాలం చేశాడు.

కొలతలు తెలియవన్నాను కదా, ఇక కల్పించిందేదో చెప్పాలి. ఏనుగంత బండ, నలభై వేల కాకులు, దొరసాని వయసు, ఇవి మీరే తగ్గించుకుని ఉంటారు. మీరు తగ్గించకుండా నమ్మినది ఒకటుంది: రెండు రోజులు. బండ ఆ మూడు రోజులూ తొట్టిలోనే ఉంది. సైకిలు మీద గిద్దలూరు పోయి, స్నేహితుల మధ్య పేకాటలో దాని సంగతే మరిచాను. పార్టీ రోజు పొద్దున తీసి తుడిచి, గోడ నీడకు ఆనించాను.

అత్తకు చదువు రాదు. నేను రాసింది అచ్చయినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకుంటుంది, నవ్వాల్సిన చోట నవ్వుతుంది. ఇదీ చదవమంటుంది. ఆ బండకు ఇవ్వని రెండు రోజులు ముప్పై ఏళ్ళుగా నా ముందు ఎండుతున్నాయి. తడి ఇంకా పోలేదు.