గడ్డి కింది మంచికాయలు

మొన్న శనివారం పొద్దున చైతన్యపురి మెట్రో మెట్లు దిగుతుంటే, పిల్లరు నీడలో ఆగిన తోపుడుబండి మీంచి వరిగడ్డి వాసన వచ్చింది. మామిడిపండ్ల వాసన ఆ తర్వాత వచ్చింది. ముందు తగిలింది మాత్రం గడ్డిదే, ఎండకు వేడెక్కి, కాయల సొన పీల్చుకుని, కాస్త పులిసినట్టుండే వాసన. ఇప్పుడు పండ్లన్నీ కాగితం ముక్కల్లో పెట్టి అమ్ముతున్నారు గనుక అది నా ముక్కుకు సోకి చాలా ఏళ్లయింది. నేను వెళ్తున్నది ఎల్బీనగర్‌లో ఒక బడికి. నా ఆడిట్ ఆఫీసు పని పక్కన పెట్టి, వేసవి సెలవుల్లో శనివారం శనివారం అక్కడ తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కామర్స్ చదివితే ఏమవుతారో, బ్యాంకుల్లో, ఆడిట్ ఆఫీసుల్లో, సొంత వ్యాపారాల్లో పని ఎలా ఉంటుందో చెబుతుంటాను. భుజాన ల్యాప్‌టాప్, అందులో రంగురంగుల స్లైడ్లు. గుప్పెడు గడ్డి తీసి వాసన చూస్తున్న నన్ను చూసి బండివాడు ఏమనుకున్నాడో గాని, నేను మాత్రం పదో తరగతి పరీక్షలు రాసేసిన ఆ మే నెలలోకి వెళ్లిపోయాను.

మావాళ్లది పోచంపల్లి పక్క ఊరు. మగ్గం మీద ఇల్లు గడవడం కష్టమై నాయిన దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, బస్‌డిపో వెనక సందులో మడిగె కిరాయికి తీసుకుని చీరల దుకాణం పెట్టాడు. నా బాల్యమంతా ఆ కౌంటరు కిందే గడిచింది. కొత్త చీరల గంజి వాసన, కలరా ఉండల ఘాటు, పక్క హోటల్లోంచి వచ్చే ఇరానీ చాయ్ పొగ కలిసిన గాలిలో నేను గచ్చకాయలు ఆడుకునేదాన్ని. బతుకమ్మ దగ్గరపడితే దుకాణంలో కాలు పెట్టే సందు ఉండేది కాదు. అమ్మ డబ్బాలో పెట్టి పంపిన మలీద ముద్దలు నాయిన ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో చీర కొంగు పరిచి చూపిస్తుంటే, వద్దనుకున్న చీరల్ని పాత మడత మీదే మళ్లీ మడిచి పెట్టడం నా పని. ముప్పై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా వెళ్లిన ఆమెను కూడా, మొహం మీద నవ్వు చెదరకుండా గడప దాకా సాగనంపేవాడు నాయిన.

చీర అమ్మడంలో ఆయనకో పద్ధతి ఉంది. మంచి చీర ఎప్పుడూ ముందు తీయడు. సాదా చీరలు నాలుగు పరిచి, వచ్చినామె కళ్లు ఏ రంగు దగ్గర ఆగుతున్నాయో కనిపెట్టి, అప్పుడు లోపలి అలమారలోంచి తెల్లగుడ్డలో చుట్టిన చీర తెచ్చి నిదానంగా విప్పుతాడు. ఆ గుడ్డ విప్పుతుంటే బేరం సగం కుదిరిపోయినట్టే. అక్షరాలు రాకముందే నాకు ఆ విద్య వచ్చేసిందని నేను గట్టిగా నమ్మేదాన్ని.

ఆ దుకాణంలో ఒక ఇనుప స్టూలు ఉండేది. అది గిరాకీల కోసం, ముఖ్యంగా ముసలివాళ్ల కోసం. మా ఇంటివాళ్లం ఎవరం దాని మీద కూర్చోకూడదు. కూర్చున్న దుకాణదారును చూస్తే వచ్చే గిరాకీ కూడా పక్క దుకాణానికి పోతుందని నాయిన నమ్మకం. అందుకని షట్టరు లేపింది మొదలు దింపేదాకా నిలబడే ఉండేవాడు. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టి కళ్లు మూసుకుంటే, పిక్కల మీద నీలంగా లేచిన నరాలు నీళ్లలోంచి కనిపించేవి. నాకు అవి చూస్తే భయం వేసేది.

ఆ ఏడాది మా సందులో పిల్లలకు దారులు రెండే. లెక్కలొస్తే ఇంజినీరింగు, రాకపోతే మెడిసిన్. కామర్స్ అంటే ఈ రెంటికీ పనికిరానివాళ్లను దింపేసే బస్టాపు. నాకేమో లెక్కలు బాగానే వచ్చినా మనసు కామర్స్ మీద పడింది. దానికి కారణం సుభద్ర టీచరు. తెనాలి వైపు నుంచి వచ్చి చైతన్యపురిలో ఇల్లు కట్టుకున్నారు. జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పి మానేశాక, వేసవిలో మేడ మీద పందిరి కింద పిల్లల్ని పోగేసి చదువు చెప్పేవారు. ఉగాదికి ఆవిడ మా ఇంటికి బొబ్బట్లు పంపితే మా అమ్మ భక్ష్యాలు పంపేది. రెండూ ఒకటే గదా అంటే ఇద్దరికీ కోపం వచ్చేది. ఒకసారి నేను ఆవిణ్ని, జనంతో కిటకిటలాడే మా పక్క దుకాణం ఏడాది తిరక్కుండా ఎందుకు మూతపడిందని అడిగాను. ఆవిడ జవాబు చెప్పకుండా నన్నే ప్రశ్నలు అడుగుతూ పోయారు. కిరాయి ఎంత కావచ్చు, అరువు ఎవరికిచ్చేవాడు, అమ్ముడుపోని సరుకు ఏం చేసేవాడు అని. ఇంటికెళ్లేసరికి జవాబు నాకే దొరికింది. అంత సంతోషం నాకు ఏ చదువులోనూ కలగలేదు.

నాయిన మాత్రం ఒప్పుకోలేదు. టీచరు స్వయంగా మా ఇంటికి వస్తే, కుర్చీ వేసి మర్యాదగా కూర్చోబెట్టి, తను ఎదురుగా నిలబడే మాట్లాడాడు.

"టీచరమ్మా, మీ మాటకు ఎదురు చెప్తలేను. గని నా కాళ్లు చూసిన్రా? ఇంజినీరైతే నా బిడ్డ నీడపట్టున కుర్సీల కూసుంటది. యాపారం సదివితే గిట్లనే నిలవడాలె."

టీచరు ఆ కాళ్ల వైపు చూశారు. తర్వాత మెల్లగా అన్నారు. "నెలాఖరు దాకా నా దగ్గరికి పంపండన్నయ్యగారూ. ఆఖర్న పిల్లలు రెండ్రోజులు సొంతంగా కొట్టు పెడతారు. మీరొచ్చి చూడండి. నచ్చకపోతే ఎంపీసీలో నేనే దగ్గరుండి చేర్పిస్తాను."

అలా నా చదువు రెండ్రోజుల కొట్టు మీద ఆధారపడింది.

ఆ నెలంతా మాకు పుస్తకం లేదు. తెల్లారగానే కొత్తపేట పండ్ల మార్కెట్‌కు తీసుకెళ్లేవారు. లారీల్లోంచి దించుతున్న మామిడి గంపలు, కాళ్ల కింద మెత్తగా పరుచుకున్న గడ్డి, ఎక్కడ చూసినా పసుపు, ఆకుపచ్చ, వేలంపాట పాడేవాళ్ల గొంతులు, పండు వాసనకు ముసిరే ఈగలు. ఏ వ్యాపారి కాయ ముందు చూస్తాడు, ఏ వ్యాపారి తొడిమ ముందు చూస్తాడు, సరుకు ఎక్కువొచ్చిన రోజు ఎవరు ముందు ధర దించుతారు అని గమనించి, మేడ మీదికొచ్చి మజ్జిగ తాగుతూ వాదించుకునేవాళ్లం.

ఆఖరి శుక్రవారం అందరం ఆవకాయకు పచ్చికాయలు ఎంచి తెచ్చుకున్నాం. పెద్దరోడ్డు మీద టీచరు వాళ్ల సందు మొగలో బల్లలు వేశారు. కాయలు కొట్టడానికి కత్తిపీటతో ఒక మనిషిని మాట్లాడారు. నేను నా విద్యంతా చూపించాను. చిన్నకాయల్ని పైన పేర్చి, గట్టివి, పెద్దవి, పీచు తిరిగిన మంచికాయల్ని గంపలో అడుగున పెట్టి, చీరకు తెల్లగుడ్డ చుట్టినట్టు వాటి చుట్టూ మెత్తగా వరిగడ్డి కప్పాను. గడ్డిలో కాయ మాగుతుందని తెలియక కాదు. అడగగానే తీసి చూపిస్తాను, రెండ్రోజుల్లో ఏం మాగుతుందిలే అనుకున్నాను.

శనివారమంతా ఆడవాళ్లు వచ్చారు, పైకాయలు నొక్కి చూశారు, పెదవి విరిచి పక్క బల్లకు వెళ్లిపోయారు. నేను నాయినలా నవ్వుతూ, "మంచివి లోపల ఉన్నయి, జర ఆగండి" అనేలోపు పక్క బల్ల దగ్గర వాళ్ల కాయలు టకటకా తెగుతుండేవి. చీరకైతే ఆగుతారు గాని, ఎండలో సంచి పట్టుకుని నిలబడ్డ మనిషి ఆవకాయకు ఎందుకాగుతుంది? ఆదివారం పొద్దెక్కాక ఒకామె ఆగింది. గడ్డి తీసి కాయ చేతికిచ్చాను. ఆవిడ బొటనవేలితో నొక్కి తిరిగిచ్చేసింది.

"ఇవి మాగిపోయాయమ్మాయ్. ఆవకాయ పెడితే వారం తిరక్కుండా మెత్తబడిపోతుంది. నాకొద్దు."

గంపంతా గుమ్మరించి చూసుకున్నాను. అన్నీ దోరగా తిరిగాయి. కళ్లలో నీళ్లు ఆగలేదు. టీచరు గొడుగు కింద కూర్చుని వక్కపలుకులు నములుతూ చూస్తున్నారు. రోడ్డుకు అవతల, దుకాణం మూసి వచ్చి నాయిన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఇక నాకు ఎంపీసీ తప్పదనుకున్నాను.

అప్పుడే కోచింగ్ సెంటర్ల నుంచి ఆదివారం పరీక్షలు రాసిన హాస్టల్ పిల్లలు రోడ్డు నిండా వస్తున్నారు. మొహాలు వాడిపోయి, హాస్టల్ సాంబారు తలుచుకుని నడక మందగించిన పిల్లలు. వాళ్లలో ఒకమ్మాయి నా బల్ల మీద పగిలిన దోరకాయ వైపు చూస్తూ నడిచింది. ఆ చూపు నాకు తెలుసు. చీర కొంగు మీద ఆగే చూపు అదే.

"టీచర్, జర ఉప్పు, కారం కావాలె" అన్నాను.

"నన్నడుగుతావేం? వంటింటికి తాళం వేయలేదు" అన్నారు.

కాయలు ముక్కలుగా కోయించి, ఉప్పు కారం చల్లి, కాగితం ముక్కల్లో పెట్టి ముందువరసలో పేర్చాను. ఈసారి మంచివే ముందు. పిల్లలు మూగారు. కారానికి ముక్కులు ఎగబీలుస్తూ మళ్లీ మళ్లీ అడిగారు. లాభం ఏమీ మిగల్లేదు గాని, గంప ఖాళీ అయింది.

నాయిన రోడ్డు దాటి వచ్చాడు.

"ముక్కలు గోసి అమ్మమని ఎవరు జెప్పిన్రు?"

"ఎవ్వరు జెప్పలే నాయినా. గా పిల్లలు ఆకలి మీదున్నరని..."

నా మొహం వైపు, ఎండకు కందిన నా పాదాల వైపు చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. అంతా అయిపోయిందనే అనుకున్నాను. చాలాసేపటికి దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి, జనం మధ్యలోంచి, భుజం మీద ఇనుప స్టూలు పెట్టుకుని నడిచొస్తూ కనిపించాడు. మేమెవరం ఎన్నడూ కూర్చోని ఆ స్టూలు. తెచ్చి నా బల్ల వెనక దింపి, తువ్వాలతో తుడిచాడు.

"కూసో బిడ్డ. ఏం జేసినా కూసోని జెయ్యి. టీచరమ్మ జెప్పిన కాలేజీలనే చేరుదువు తియ్యి."

ఎండకు కాలిపోతున్న ఇనుము మీద కూర్చుని నేను ఏడ్చాను. జనం సద్దుమణిగాక టీచరు దగ్గరికొచ్చి గంపలో మిగిలిన గడ్డిని కదిపారు. "శుక్రవారం నువ్వు ఇది కప్పుతున్నప్పుడే చూశాన్లే" అన్నారు. మరి ఎందుకు చెప్పలేదంటే, "నేను చెబితే కాయలొక్కటే బాగుపడేవి" అని నవ్వి లోపలికి వెళ్లిపోయారు.

ఆ మార్కెట్ ఇప్పుడక్కడ లేదు. ఊరి బయటికి తరలిపోయింది, ఆ చోట ఆస్పత్రి భవనాలు లేస్తున్నాయి. టీచరు మేడ ఉన్న చోట అమ్మాయిల హాస్టల్ ఉంది. ఆవిడ పోయి చాలా కాలమైనా ఆ సందు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు దిగులుగానే ఉంటుంది. మా మడిగెలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. స్టూలు బడంగ్‌పేట్‌లో మా ఇంటి వరండాలో ఉంది, నాయిన దాని మీద కూర్చుని పేపరు చదువుతాడు. నా స్లైడ్లలో సరుకు గురించి, గిరాకీ గురించి పాఠాలున్నాయి గాని, ఒక్కదానికీ వాసన లేదు.

ఆ రోజు బండివాడి దగ్గర గడ్డంతా అడిగి తీసుకున్నాను. ప్రిన్సిపాల్‌ను బతిమాలి, ఈ శుక్ర, శనివారాలు బడి గేటు పక్కన పిల్లల చేత మామిడికాయల బల్లలు పెట్టించాను. మొదటి రోజు నాయిన కూడా వస్తానంటే తీసుకెళ్లాను. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి, వాళ్ల నాన్నది గాజుల దుకాణమట, చిన్నకాయలు పైన పేర్చి, మంచివి అడుగున పెట్టి, జాగ్రత్తగా గడ్డి కప్పుతోంది. నాయిన నా మోచెయ్యి తట్టాడు.

"గా పిల్లకు జెప్పు. మంచికాయలు కిందేసింది, ఖరాబైతయి."

"ఆగు నాయినా" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. తర్వాత ఎండలో నిలబడ్డ ఆ పిల్ల కాళ్ల వైపు చూశాడు.

"సరె, చెప్పకు. జర స్టూలన్న ఎయ్యి."