పాప గోత్రం

మా పై ఫ్లాట్‌లో సూర్యప్రభ మూడేళ్లు ఉంది. ఉగాదికి ఐర్లండ్‌లో మా ఊరు లీక్స్‌లిప్ తెలుగువాళ్లందరూ వరసగా నిలబడి ఫోన్లకేసి పళ్లికిలిస్తుంటే, ఈవిడ పులిహోర గిన్నె పట్టుకుని వంటింట్లోకి తప్పుకునేది. బెల్ పక్కన పేరుండదు. గర్విష్ఠి అని మా ఆడవాళ్లు చెవులు కొరుక్కునేవాళ్లు. ఏడ్చారులే.

ఒక చలి రోజు ఎడమ మణికట్టు నొక్కుకుంటూ మెట్ల మీద కూర్చుంటే ఏమైందని అడిగాను. ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు మొగుడు ప్రజ్వల్ తలుపు సందులో పెట్టి నొక్కాడట. రెండేళ్ల కూతురు లోహితని ఎత్తుకుని ఇక్కడికి పారిపోయి వచ్చింది. "ఎక్కడున్నామో తెలిస్తే చంపేస్తాడు ఆంటీ" అంది, ఇంట్లో పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా.

అప్పట్నుంచి ఆమె బతికే తీరు నాకు అర్థమైంది. మనమంతా చదవకుండా నొక్కేసేవాటిని ఆవిడ చివరి లైను దాకా చదివేది. బడిలో పాప ఫొటో వాడుకోవచ్చా అంటే వద్దు. దుకాణం యాప్ ఊరు అడిగితే చెప్పేది కాదు.

ఒక్క దేవుడి దగ్గర మాత్రం నిజం చెప్పేది. ఏటా లోహిత పుట్టినరోజుకి ఒక పూజల యాప్‌లో అర్చన చేయించేది. పూజ ఫోన్లో చూడొచ్చు, ప్రసాదం పోస్టులో ఇంటికొస్తుంది. అందులో పేరు, నక్షత్రం, గోత్రం ఇవ్వాలి.

"ఆ గోత్రం మార్చి ఇవ్వరాదూ?" అన్నాను ఒకసారి.

"తప్పుడు గోత్రంతో చేస్తే ఆ పూజ పాపకి చెందదు ఆంటీ. దేవుడి దగ్గర అబద్ధం చెప్పకూడదు. అయినా మన వివరాలు ఎవరికీ చూపించబోమని రాశారు, చదివాను."

పాప గోత్రమంటే తండ్రి గోత్రమే. మొగుణ్ణి వదిలించుకున్నా హరితస గోత్రం వదల్లేదు.

మూడో ఏడు అర్చనకి నేనూ పక్కనే ఉన్నాను. పూజారి గోత్రనామాలు చదవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే తెర నిండా అక్షరాలు వచ్చిపడ్డాయి: మా గోప్యతా విధానం మారింది, ఒప్పుకుంటేనే ముందుకు. అది చదువుతూ కూర్చుంటే పాప పేరు దాటిపోతుంది. సూర్యప్రభ అంగీకరిస్తున్నాను అని నొక్కేసింది. లోహిత పేరు వినబడింది. పూజారి పలికిన తీరుకి ఆ పిల్ల పకపకా నవ్వింది.

తర్వాతి శనివారం కింద తలుపు దగ్గర ఒకతను నిలబడి ఉన్నాడు. మంచి కోటు, మెత్తటి మాట.

"నమస్తే ఆంటీ. సూర్యప్రభ ఫ్లాట్ ఎక్కడండీ? మా పాప ప్రసాదం ఈ అడ్రసుకి పంపామని నా యాప్‌లో వచ్చింది."

అలాంటివాళ్లెవరూ లేరన్నాను. అంతలో పైనుంచి లోహిత, "మామీ, హూ ఈజ్ ఇట్?" అని అరిచింది. అతను నాకేసి నవ్వి మెట్లెక్కాడు.

తలుపు పగలగొట్టలేదు. దాని ముందు కూర్చుని, "ప్రభా, తియ్యి, నేనేం అనను" అంటూనే ఉన్నాడు. నేను ఫోన్ చేస్తే గార్డ్స్, అదే ఇక్కడి పోలీసులు, వచ్చారు. అతను మర్యాదగా లేచి వెళ్లిపోయాడు. ఇక్కడ ఏమీ చెయ్యలేదు కాబట్టి పట్టుకెళ్లలేమనీ, కోర్టు నుంచి ఆర్డర్ తెచ్చుకోమనీ చెప్పి, "యూ ఆర్ గ్రాండ్ నౌ" అన్నారు, ఇక మీకేం ఢోకా లేదన్నట్టు. ఏం గ్రాండో నా తలకాయ!

యాప్ వాళ్లకి ఫోన్ చేసి కడిగేశాను. అవతల అమ్మాయి గొంతు ఎంత తియ్యగా ఉందో. "ఒకే గోత్రం, ఒకే పాప పేరు, ఒకే పుట్టినరోజు ఉన్న ఖాతాల్ని కొత్త పాలసీలో ఒక కుటుంబంగా కలుపుతున్నాం మేడమ్. ఒకరి సేవలు ఇంకొకరికి కనిపిస్తాయి. ఆవిడ ఒప్పుకున్నారు కదా."

"తీసెయ్యండి!"

"తీసేస్తాం మేడమ్. కానీ ఆయన ఇప్పటికే చూసేశారు కదా."

సోమవారం పొద్దున్నే టాక్సీ వచ్చింది. రెండు పెట్టెలు. ఎక్కడికని నేను అడగలేదు, అడిగితే నా మీద నమ్మకంతో చెప్పేస్తుందేమోనని భయం. సూర్యప్రభ పాప ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇకమీదట గోత్రం ఎవరడిగినా తెలీదని చెప్పు. గుళ్లో అడిగినా సరే."

"బట్ మామీ, యూ సెడ్ వీ కాంట్ లై టు గాడ్."

సూర్యప్రభ దాన్ని టాక్సీలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తలుపు వేసింది.