జాతీయ భద్రతకు పేపరు అట్టలు

ఆ రోజుల్లో నాకు తెలివి చాలా ఎక్కువ. నాకు తెలియని సంగతి లేదనుకునేదాన్ని, ఒకవేళ ఏదైనా ఉంటే అది అంత ముఖ్యమైంది కాదనుకునేదాన్ని. ఇప్పుడా తెలివంతా ఎటు పోయిందో గానీ, ఇప్పుడుంటున్న మస్కట్‌లో, అజైబాలో ఆఫీసుకు పోవడానికి బస్సెక్కాలన్నా ఇద్దర్ని అడిగి ఎక్కుతున్నా. ఇరవై రెండేళ్లప్పుడు మాత్రం ఏకంగా ఒక దేశాన్ని ఎట్లా కాపాడాలో రాయడానికి కూర్చున్నాను. నవ్వకండి, అది నా ఎమ్మే ప్రాజెక్టు. దూరవిద్యలో పొలిటికల్ సైన్స్ చదువుతూ ‘జాతీయ భద్రత – సముద్ర మార్గాలు’ అనే అంశం తీసుకున్నాను. తోటివాళ్లంతా పంచాయతీల మీదా, ఎన్నికల మీదా తీసుకున్నారు గనుక నేను సముద్రం తీసుకున్నాను (నేను అందరిలాంటిదాన్ని కాదు గదా మరి!). అప్పటికి నేను సముద్రాన్ని చూసిందే రెండుసార్లు, అందులో ఒకటి విమానం కిటికీలోంచి.

ఆ విమానం నన్ను మస్కట్‌లో దించింది. అక్కకు రెండో కాన్పు. అమ్మ మోకాళ్ల నొప్పులతో రాలేకపోయింది గనుక సాయానికి నన్ను పంపింది. అక్కావాళ్లు ఊరి చివర మబేలాలో ఉండేవాళ్లు. బావ ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఫోర్‌మన్. జగిత్యాల పక్క పల్లె నుంచి హెల్పర్‌గా వచ్చి, ఇటుకలు మోసి, మెల్లమెల్లగా పైకొచ్చి, ఫ్యామిలీని తెచ్చుకున్న మనిషి. బంగారం లాంటి మనిషే గానీ, భయం కొంచెం ఎక్కువ. కొంచెం అంటే ఎంతనుకున్నారు? పోలీసు బండి పక్కనుంచి పోతే కారులో పాట ఆపేసేవాడు. “పాట పెట్టుకోవడం తప్పు కాదు గదా బావా” అంటే, “తప్పు గాదు. ఆపితే మాత్రం మనకు పోయేదేమున్నది?” అనేవాడు. డ్యూటీ, రూమ్, మళ్లీ డ్యూటీ, ఇంతకు మించి పరాయి దేశంలో ఏ ముచ్చటా మనది కాదని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతోనే పదేళ్ల పైన ఒక్క మాట పడకుండా నెట్టుకొచ్చాడు.

అట్లాంటాయన అన్నం తింటుండగా నా ప్రాజెక్టు అంశం చెప్పాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “దేశ భద్రతనా? గీడ కూసోని గది రాస్తవా? ఇంకేం దొర్కలేదా పిల్లా? టమాట మీద రాయరాదు!” అన్నాడు. “టమాట మీద ఎమ్మే ఇయ్యరు” అంది అక్క, చంటోణ్ణి భుజాన వేసుకుని. అక్క నోరు విప్పిందంటే ఆ ఇంట్లో అప్పీలు లేదు. అసలు సంగతి ఏమిటంటే, ముందేడు ప్రాజెక్టు పంపకుండా నేను ఒకసారి తప్పాను (ఎందుకు పంపలేదని అడక్కండి, బాగుండదు). ఈసారి నెలాఖరుకు పంపకపోతే నా పేరు కొట్టేస్తామని మా యూనివర్సిటీ వాళ్లు రాశారు. కావలసిన పుస్తకాలు నెట్‌లో చూస్తే ధరలు చూసి కళ్లు తిరిగాయి. అవన్నీ మస్కట్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయని తెలిసింది. బయటివాళ్లకు కార్డు ఇవ్వాలంటే ఎవరైనా పూచీ ఉండాలట. బావ కంపెనీలో ఒక ఒమానీ ఇంజనీరు అక్కడే చదివాడు. మూడు రోజులు ఆయన చుట్టూ తిరిగి, నాలుగోనాడు నోరు పెగల్చుకుని అడిగాడట బావ. ఆయన “మాఫీ ముష్కిల్”, అంటే దానికేం భాగ్యం అని నవ్వి, ఒక ఫోన్ కొట్టి నెల రోజుల కార్డు ఇప్పించాడు. దాని మీద పేరు నాది, ఫోన్ నంబరు బావది. “చూడు పిల్లా, గక్కడ ఏమన్నా అయితే పోయేది నీ పేరు గాదు, ఆ ఇంజనీరు సాబ్ మాట, నా ఇజ్జత్” అన్నాడు బావ నన్ను గేటు దగ్గర దించుతూ. తర్వాత గొంతు తగ్గించి (కారులో మేమిద్దరమే ఉన్నా) ఇంకో ముక్క చెప్పాడు. “ఎవ్వలతోటి మాట్లాడకు. ఇంకోటి, ఆ పుస్తకాల పేర్లు మాత్రం ఎవ్వలకు కనవడనియ్యకు.”

అక్కడే వచ్చింది చిక్కు. ఆ పుస్తకాలు నేనడిగినట్టే ఉన్నాయి గానీ, వాటి పేర్లు మాత్రం సినిమా పోస్టర్ల మీదున్నట్టు ఉన్నాయి. అట్ట మీద ఇంత లావు అక్షరాలతో సెక్యూరిటీ అని, కింద యుద్ధనౌక బొమ్మ. ఇంకోదాని మీద ఫిరంగి. దాచుదామంటే దాగేవి కావు. ఆ చల్లటి హాల్లో, మెత్తటి తివాచీ మీద, ఆ ఫిరంగి పట్టుకుని నా బల్ల దాకా నడిచేసరికి నాకు చెమటలు పట్టాయి. మన బళ్లలో చదువుకున్న మనిషికి పుస్తకం పైన ఏముందో కనపడకూడదంటే ఏం తోస్తుంది చెప్పండి? అట్ట వేయాలనిపిస్తుంది. జూన్ నెల వస్తే పాత పేపర్లు ముందేసుకుని ఇల్లిల్లూ చేసే పనే గదా. అందులో నాకు పేరుంది కూడా. కత్తెర అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు, మూలలు మడిచి లోపలికి దోపితే ఏడాదంతా ఊడదు. పక్క సెక్షన్ పిల్లలు నాతో వేయించుకునేవాళ్లు. మర్నాడు ఇంట్లోంచి పేపర్లు తెచ్చాను. అమ్మ మామిడికాయ తొక్కు డబ్బాలకు చుట్టి పంపిన తెలుగు పేపర్లు. కొంచెం తొక్కు వాసన వచ్చింది గానీ, ఆరు పుస్తకాలూ పెళ్లికూతుళ్లలా తయారయ్యాయి.

వారం రోజులు నా అంత హాయిగా ఎవరూ దేశాన్ని కాపాడి ఉండరు. బయటి పాఠకులు పుస్తకాలు ఇంటికి తీసుకుపోకూడదు గానీ, సాయంత్రం వాటిని తమ బల్ల మీదే వదిలితే మర్నాడు అక్కడే ఉంటాయి. కాబట్టి నా ఆరుగురు పెళ్లికూతుళ్లూ మూల బల్ల మీద భద్రంగా ఉండేవాళ్లు. బావ రోజూ అడిగేవాడు, “పేర్లు కనవడ్తలేవు గదా?” అని. “బ్రహ్మదేవుడికి కూడా కనపడవు బావా” అనేదాన్ని. నిజంగానే కనపడలేదు. పుస్తకం వీపున అతికించిన లైబ్రరీ నంబరు కూడా నా అట్ట కింద దాక్కుందన్న సంగతి నా తెలివికి తట్టలేదు.

ఒక ఉదయం పోయేసరికి నా బల్ల చుట్టూ ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకరు లైబ్రరీ మేడమ్. ఆవిడ రాకముందే ఆవిడ అత్తరు వచ్చేది గనుక నేను మనసులో అత్తరు మేడమ్ అనుకునేదాన్ని. రెండో ఆయన కళ్లద్దాల ప్రొఫెసర్. మూడో మనిషి గేటు దగ్గరి ముసలి గార్డు. బలూచీ ఆయన, ఉర్దూ బాగా వచ్చు. సంగతి తర్వాత తెలిసింది. ప్రొఫెసర్ గారికి పాఠానికి ఆ పుస్తకాలే కావాలి. కంప్యూటర్ ఉన్నాయంటుంది, అర చూస్తే ఖాళీ. జాతీయ భద్రత పుస్తకాలు ఆరు మాయమయ్యాయని రెండ్రోజులు వెతికి, చివరికి ఎవరికీ అంతుబట్టని లిపిలో చుట్టి ఉన్న ఈ మూటను పట్టుకున్నారు. “ఇవి నీవేనా?” అని మేడమ్ ఇంగ్లీషులో మెల్లగానే అడిగింది. నా ఇంగ్లీషంతా ఆ క్షణంలో నన్ను విడిచి పోయింది. ముందు కాదన్నాను, వెంటనే అవునన్నాను, తర్వాత ఏడ్చాను. మేడమ్ నాకు మంచినీళ్లిచ్చి, కార్డు మీదున్న నంబరుకు ఫోన్ చేసింది.

బావ సైట్ మీదనుంచి ఉన్నపళంగా వచ్చాడు. నెత్తిన హెల్మెట్ అట్లాగే ఉంది. తివాచీ మొదట్లో ఆగి, సిమెంటు బూట్లు చూసుకుని, విప్పి పక్కన పెట్టాడు. “వేసుకో భాయ్, ఫరవాలేదు” అని గార్డు ఉర్దూలో ఎంత చెప్పినా వినలేదు. నెత్తిన హెల్మెట్, కాళ్లకు ఏమీ లేదు, ఆ వాలకంతో వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ప్రాణం పోయినంత పనైంది నాకు, భయంతో కాదు, సిగ్గుతో. పక్క బల్లల మీద నా ఈడు ఆడపిల్లలు తలలెత్తి చూస్తున్నారు.

గార్డు ఒక అట్ట మీద వేలు పెట్టి “ఇక్కడేం రాసుంది?” అన్నాడు. బావ వంగి చదివాడు. అవి రాశిఫలాలు. చదువుతున్నకొద్దీ ముఖంలో రంగు మారింది. “అధికారులతో జాగ్రత్త, ప్రయాణాలు వాయిదా వేసుకోవడం మంచిది అని ఉంది సాబ్” అన్నాడు హిందీలో, అబద్ధం ఆడటం చేతకాక. గార్డు దాన్ని అరబ్బీలోకి మార్చి మేడమ్‌కు చెప్పాడు. ఆవిడ కనుబొమలు పైకి పోయాయి. “ఎవరు రాశారిది?” “పంతులు, మేడమ్.” గార్డు ఇంకో అట్ట తిప్పాడు. అందులో పెద్ద మీసాలాయన ఫోటో, చుట్టూ నల్ల గీత. “ఇతనెవరు?” “నాకు తెల్వదు సాబ్, చచ్చిపోయిండు.” “ఎట్లా?” “పేపర్ల రాయలే సాబ్!” అని బావ గాభరాగా ఆ అట్ట అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నాడు. ప్రొఫెసర్ గారు దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరిగారు (దగ్గు కాదది, భుజాలు ఊగుతున్నాయి).

కానీ బావకు అదేమీ కనపడటం లేదు. నిటారుగా నిలబడి, చొక్కా జేబు గుండీ విప్పి, ప్లాస్టిక్ కవరులోంచి బతాకా తీశాడు. బతాకా అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు. అది ఉంటేనే డ్యూటీ, ఇల్లు, పెళ్లాం పిల్లలు పక్కన ఉండటం. దాన్ని బల్ల మీద, మీసాలాయన ఫోటో పక్కన పెట్టాడు. “తప్పు నాది సాబ్. పేర్లు కనవడద్దని నేనే చెప్పిన. పిల్లకేం తెల్వదు. పంపాల్నంటే నన్ను పంపుండ్రి. దాన్ని మాత్రం రాసుకోనియ్యుండ్రి, దానికిదే ఆఖరిసారి” అన్నాడు. సగం హిందీ, సగం తెలుగు.

గార్డు నెమ్మదిగా, బావ వైపు చూస్తూ, ఆ మాటలు మేడమ్‌కు అరబ్బీలో చెప్పాడు. అత్తరు మేడమ్ ఆ కార్డు తీసి బావ చేతిలోనే తిరిగి పెట్టింది. “ఈ పుస్తకాలు చదవకూడదని మీకెవరు చెప్పారు?” అని అడిగించింది. బావ నిజంగానే ఆలోచించాడు. పాపం, పదేళ్లూ వెనక్కి పోయి వెతుక్కున్నట్టున్నాడు. “ఎవ్వలు చెప్పలే” అన్నాడు చివరికి. “మరి?” “నాకే అనిపించింది.” అప్పుడు నవ్వింది మేడమ్. చదవాలనే గదా అరలో పెట్టేది, మాకు కావలసిందల్లా నంబరు కనపడటమే అంది. అట్టలు తీసేయమంది. అయిదు తీశాను. ఆరోది ప్రొఫెసర్ గారు తీయనివ్వలేదు. ఒక చీర కొంటే ఒకటి ఉచితం అన్న ప్రకటనతో సహా, ఇంత చక్కటి అట్ట ఎన్నడూ చూడలేదని చంకలో పెట్టుకుని పోయారు.

తిరిగి వస్తుంటే కారులో నేను ముఖం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను. అంత మందిలో కాళ్లకు బూట్లు లేకుండా, హెల్మెట్ తీయకుండా... నా పరువంతా పోయిందని నా బాధ. బావ మాత్రం ఉన్నట్టుండి, “అయితే గా సముద్రంల ఏమున్నదట పిల్లా, అందరు గంత కొట్లాడుతున్నరు?” అన్నాడు. నా ప్రాజెక్టు గురించి అట్లా అడిగిన మొదటి మనిషి ఆయన. మబేలా వచ్చేదాకా నౌకలు, చమురు, జలసంధి అని చెప్తూనే ఉన్నాను. అలక సంగతే మర్చిపోయాను.

ప్రాజెక్టు నెలాఖరుకు పోయింది, పాసయ్యాను. వైవాలో ఒక పెద్దాయన, “పుస్తకాల్లోది వద్దమ్మా, భద్రత అంటే ఏమిటో నీ మాటల్లో చెప్పు” అన్నాడు. నేను పుస్తకాల్లోదే ఊపిరి తిప్పుకోకుండా గడగడా అప్పజెప్పాను. మార్కులు కూడా బాగానే వేశారు, అదీ విచిత్రం. ఇప్పుడు నా పేరు మీద నాకూ ఒక బతాకా ఉంది. హ్యాండ్‌బ్యాగులో అది తగలకపోతే బస్సు దిగేలోపు గుండె నాలుగుసార్లు ఆగుతుంది. దాన్ని ఇంకొకరి చదువు కోసం తీసి బల్ల మీద పెట్టడమంటే ఏమిటో ఇప్పుడు బాగా తెలుసు. ఆ పెద్దాయన ఇప్పుడడిగితే తడుముకోకుండా నా మాటల్లోనే చెప్దును. ఇప్పుడు నన్నెవరడుగుతారు!