పేరడగని దోస్తు

లాడ్ బజార్‌లో మాది గాజుల దుకాణం. కిందటేడు గాజుల ప్రదర్శన కోసం గల్ఫ్ వెళ్లాను. విమానాశ్రయం బయట ఒకతను పలకరించాడు. మా ఊళ్లోని బార్కస్ పేట వాడట. మన ఊరివాడే కదా అని టాక్సీ వరుస వదిలేసి కిరాయికి అతని సొంత కారెక్కాను.

"పోలీసులు ఆపితే దోస్తునని చెప్పు భాయ్, ఫికర్ చెయ్యకు" అన్నాడు. దారంతా చార్మినార్ కబుర్లే.

నిజంగానే ఆపారు. లైసెన్సు లేకుండా కిరాయికి తిప్పడం అక్కడ నేరం.

"నా దోస్తు" అన్నాను.

"పేరు?"

మా బజార్లో అందరూ భాయ్‌లే, పేర్లెవరు అడుగుతారు? అబద్ధం చెప్పానని సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. అతని కారు జప్తు చేశారు.

"గింత దూరమొచ్చినవ్, పేరన్న అడగకపోతివి భాయ్" అన్నాడతను. అప్పుడూ అడగడానికి ముఖం చెల్లలేదు.

ఇప్పుడు బార్కస్ వెళ్లి అతనివాళ్లను క్షమించమందామన్నా, ఎవరిల్లని అడగను?