పిండిమర దగ్గర గెలిచిన వాదన

పిండిమర తిప్పే మేనల్లుడు యజమాని నోరు మూయించిన రోజున, డబ్బా పట్టుకుని అక్కడ నిలబడి ఉన్నది మేనత్త ఒక్కతే.

"బెల్టుకు అడ్డంగా ఈ ఇనప జాలీ ఏంటండీ? పదిహేనేళ్లుగా తిప్పుతున్నా, చేతులెక్కడ పెట్టాలో నాకు తెలీదా?" అంటూ దాన్ని ఊడదీసి గోడవారగా పడేశాడు. పని త్వరగా తెములుతుందని యజమాని కూడా ఊరుకున్నాడు.

నెల తిరక్కుండానే, చేతులెక్కడ పెట్టాలో తెలిసిన ఆ మహానుభావుడి చొక్కా చేతిని బెల్టు లాక్కుని మణికట్టు విరగ్గొట్టింది. పనీ పోయింది. జాలీ ఏనాడూ లేదని రాయించి, పరిహారానికి లేబరాఫీసులో అర్జీ పెట్టాడు. యజమానేమో మేనత్తను సాక్షిగా చూపించాడు.

మేనల్లుడు చేతికి కట్టుతో, కొత్తగా పుట్టుకొచ్చిన వినయంతో ఆమె ఇంటికి వచ్చాడు.

"ఒరేయ్, జాలీ పీకింది నువ్వేనని చెప్తాను. చూస్తూ ఊరుకున్నందుకు ఆయన్నీ కడిగేస్తాను. సగమన్నా రాదూ?" అందామె.

"సగంతో ఏం సరిపెట్టుకోను అత్తా?"

మూడిళ్ల అవతలి గుసగుసలు వినే, కళ్లజోడు లేకుండా సూదిలో దారమెక్కించే ఆ మేనత్తను అతను బతిమాలుకున్నాడు.

"రేపు ఆఫీసరు అడిగితే, నీకు చెవుడనీ, చూపు కూడా ఆనదనీ చెప్పవూ?"