పెద్దబాపు మోటరుకు నేను పీకిన ఆటో

ఆ రోజుల్లో నాకు ఏ విషయం మీదైనా పది నిమిషాలు ఆపకుండా మాట్లాడడం వచ్చు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం ఒక్కటే రాదు. వరంగల్‌లో ఇంజనీరింగ్ రెండో ఏడాది, అందులోనూ ఎలక్ట్రికల్ బ్రాంచి. కాలేజీ ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చుని మేం దేశ ఇంధన విధానాన్ని రోజుకు రెండుసార్లు మార్చేవాళ్లం. పొద్దున బొగ్గు గనులన్నీ మూసేసేవాళ్లం, ఖర్చు ఎవడు పెట్టుకుంటాడని ఎవరో ఒకరు అడిగితే సాయంత్రానికి మళ్లీ తెరిచేవాళ్లం. హోటల్ చాచా మాత్రం, "మీ ముచ్చట అయినంక జర ఆ ఫ్యాన్ బంద్ చేసి పోండ్రి" అనేవాడు. ఒక్కరోజు కూడా మేం ఆ పని చేసిన పాపాన పోలేదు.

ఆ ఏడాది ఎండాకాలం మా కాలేజీలో డిబేట్ పోటీ పెట్టారు. భూమి వేడెక్కకుండా ఆపడానికయ్యే ఖర్చు ఎవరు భరించాలి అన్నది అంశం. నేను ఉచిత కరెంటు మీద పడ్డాను. రైతుకు కరెంటు ఊరికే వస్తోంది, కాబట్టి మోటరు ఊరికే తిరుగుతోంది, దానికోసం ఎక్కడో బొగ్గు కాలుతోంది, అందుకే ఎండలిలా మండుతున్నాయి. ఇలా నాలుగు మాటల్లో భూగోళం భారమంతా తెచ్చి మా పెద్దబాపు బోరు మీద పెట్టేవాణ్ని. (పెద్దబాపంటే మా నాన్నకు అన్న. నా గదిలో నేను వండుకునే బియ్యం ఆ బోరు కింద పండినవేనన్న సంగతి ప్రసంగంలో ఎక్కడా లేదు.) చెప్పింది ఆచరించినట్టు చిన్న వీడియో కూడా పంపాలన్నారు. దాంతో నా కన్ను పెద్దబాపు ఆటో మీద పడింది.

ఆటో అంటే మూడు చక్రాలది కాదు. మోటరు స్టార్టరు పక్కన బిగించే చిన్న డబ్బా. కరెంటు పోయి మళ్లీ వస్తే, మనిషి లేకపోయినా మోటరు దానంతటదే మొదలవుతుంది. కరెంటు ఏ జామున వస్తుందో తెలియని కాలంలో ఇంటింటా పెట్టుకున్నారు. ఇరవైనాలుగు గంటల కరెంటు వచ్చాక మోటర్లన్నీ రాత్రింబవళ్లు తిరిగి నీళ్లు వృథా అవుతున్నాయని, ఆటోలు తీసేయమని అధికారులు ఊరూరా చెప్పి చూశారు. మా ఊళ్లో ఎవరూ తీయలేదు. మాది ధర్మసాగర్ అవతల మెరక మీద ఊరు. రిజర్వాయరు నీళ్లు వరంగల్‌కు పోతాయి గానీ మా పొలాలకు ఎక్కవు. బోరే దిక్కు.

నేను ఊరికి వెళ్లిన రోజునే పెద్దబాపు పెద్దమ్మను కంటి ఆపరేషన్‌కు తీసుకుని బయల్దేరుతున్నాడు.

"నాలుగొద్దులు మోటరు సూస్తవా బిడ్డా? లేకుంటె పక్క పొలమోల్లకు చెప్పిపోత" అన్నాడు.

"నేనున్న గదా పెద్దబాపు, ఎవలకు చెప్పుడెందుకు?"

"ఆటో ఉన్నది, అంత ఫికరేం లేదు. కని పొలం పొట్టకొచ్చింది. ఇప్పుడు నీళ్లు తప్పితే గింజ పట్టది."

వాళ్ల బస్సు కదలగానే నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పొలానికి నడిచాను. ఫోనును గెనం గట్టు మీద రాయికి ఆనించి, మోటరు పక్కన నిలబడి, ఆ డబ్బాను పీకాను. "నేటి నుంచి మా పొలంలో యంత్రం కాదు, మనిషి మేల్కొని ఉంటాడు!" అని ఉపన్యాసం దంచాను. (మూడోసారికి గానీ సరిగ్గా రాలేదు. మొదటిసారి పక్కనుంచి గేదె అరిచింది, రెండోసారి నేనే జారి మడిలో పడ్డాను.) వీడియోను డిబేట్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, చేత్తో బటన్ నొక్కి మోటరు నడిపించి, మేల్కొని ఉండాల్సిన ఆ మనిషి మధ్యాహ్నం బస్సుకు వరంగల్ వెళ్లిపోయాడు. కరెంటు ఎటూ పోదు కదా, రేపు డిబేట్ కాగానే వచ్చేస్తాననుకున్నాను.

పోటీలో నాకు ఎదురు నిలిచింది భూపాలపల్లి అమ్మాయి. వాళ్ల నాన్న బొగ్గుగనిలో పనిచేస్తాడు గనక ఆమెను మేమంతా బొగ్గుబాయి అని పిలిచేవాళ్లం. "ఏసీ హాల్ల కూసోని రైతు మోటరు బంద్ చెయ్యమంటానవు. సరే, చేసినం. కరెంటు పొయ్యి వస్తే బటన్ ఎవలు ఒత్తాలె?" అని అడిగింది. "మనిషి! దేవుడు చేతులిచ్చింది అందుకే!" అన్నాను. హాలంతా చప్పట్లు. కప్పు నాకే వచ్చింది. ఆ సంబరంలో ఇంకో రోజు వరంగల్‌లోనే గడిచిపోయింది.

నేను బస్సెక్కిన రోజు సాయంత్రమే ఊళ్లో గాలిదుమారానికి కరెంటు పోయి, పది నిమిషాల్లో మళ్లీ వచ్చిందట. మోటరు మాత్రం ఆగిపోయి, నేను చెప్పినట్టే మనిషి కోసం ఎదురుచూసింది. నాలుగోరోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మళ్లు నెర్రెలిచ్చి ఉన్నాయి, పైరు ఆకులు చుట్టుకుపోయాయి. మోటరు వేసి, గబగబా ఆటోను ఎప్పటిలా బిగించాను. ఎలక్ట్రికల్ విద్యార్థిని కదా, వైర్లు తారుమారు చేశాను. అది ఇక పనిచేయలేదు.

మర్నాడు పెద్దబాపు వచ్చాడు. గెనం మీద చాలాసేపు నిలబడ్డాడు. పక్క పొలం ఆయన, "ఏందన్నా గిట్లయింది? నాకొక్క మాట చెప్పకపోతివి!" అంటే, "ఆటో ఖరాబైందే" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. కప్పు గెలిచిన నోరు పెగల్లేదు. పది రోజుల తర్వాత వెన్నులు తెల్లగా బయటికొచ్చాయి. సగం పొలం తాలే. దాన్ని పశువులకు కోసివేస్తుంటే నేను పరీక్షలని చెప్పి ఊరికి పోలేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అది జరిగి ఏళ్లయింది. కరెంటు పొదుపు ఎలాగో నలుగురికీ చెప్పడమే ఇప్పుడు నా ఉద్యోగం. (నవ్వుకోండి.) మొన్న పెద్దబాపు ఫోన్ చేసి, సోలార్ మోటరు పెట్టిస్తే ఎట్లుంటదని అడిగాడు. నేను అలవాటు కొద్దీ మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, ఆనాడు ఆటో పీకింది నేనేనని చెప్పేశాను.

"ఎరుకే" అన్నాడు.

"ఎట్లా?"

"దవాఖానల కూసున్ననాడే ఎవలో ఫోన్‌కు పంపిన్రు. మీ పెద్దమ్మకు కండ్లకు పట్టీ, అందుకని మాటలు వినిపిచ్చిన. మనోడు ఎంత మంచిగ మాట్లాడుతాండో అని ఆమె మస్తు సంబరపడ్డది."

"మరి ఆటో తీసినట్టు చూసి, పక్క పొలమోల్లకన్న ఫోన్ చెయ్యకపోతివి పెద్దబాపు?"

"నువ్వు మోటరు పక్కన్నే నిలబడి ఉంటివి గద బిడ్డా. నువ్వున్నంక ఇంకొకలకు ఎందుకనుకున్న."

ఆనాటి నా వాదనలో ఇప్పటికీ పెద్ద తప్పేం కనబడదు. నీళ్లు తోడుతూ పోతే అయిపోతాయి, బొగ్గు కాలితే వేడెక్కుతుంది. నేనే అక్కడ లేను. చివరికి సోలార్ సంగతి నాకు పూర్తిగా తెలియదని, వచ్చే యాసంగి పంటకు వారం సెలవు పెట్టి వచ్చి, పొలం చూశాక చెబుతానని అన్నాను. పెద్దబాపు నవ్వాడు.

"ముందుగాల రా బిడ్డా. చెప్పుడు తర్వాత."